చేరినవారి లెక్క, గట్టెక్కినవారి లెక్క



ఆచార్య జి. రాంరెడ్డిగారి స్మృతిలో నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెంటనే ఒప్పుకున్నాను. నేను ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణి కాను. ఆయన నాటిన చెట్టు నీడలో చాలా ఆదివారాలు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ చనువుతోనే మీ ముందు నిలబడ్డాను.

రాంరెడ్డిగారు ఉస్మానియాలో ప్రభుత్వ పాలనాశాస్త్రం బోధించారు. పంచాయతీరాజ్ వ్యవస్థను లోతుగా పరిశోధించారు. అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దాని తొలి ఉపకులపతి ఆయనే. దేశంలో అదే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991 నుంచి దాన్ని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో పిలుచుకుంటున్నాం. 1985లో ఢిల్లీలో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో మొదలైతే దాన్ని నిలబెట్టే పనీ ఆయనకే అప్పగించారు. ఆ తర్వాత యూజీసీ అధ్యక్షులయ్యారు. 1995లో కన్నుమూశారు. ఒక తెలంగాణ పల్లె నుంచి వచ్చిన మనిషి దేశం మొత్తం ఉన్నత విద్యకు దారి చూపే స్థానం దాకా వెళ్ళారు. అంత ఎత్తుకు వెళ్ళినా ఆయన ఆలోచన మాత్రం కాలేజీ గడప బయట నిలబడ్డవాళ్ళ చుట్టూనే తిరిగింది.

ఆ గడప దగ్గర నేను చూసిన ఒక దృశ్యంతో మొదలుపెడతాను.

ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్టణం. వారమంతా నేను పాఠాలు చెప్పే ప్రభుత్వ డిగ్రీ కాలేజీయే ఆదివారం పూట సార్వత్రిక విశ్వవిద్యాలయ అధ్యయన కేంద్రంగా మారేది. అవే బెంచీలు, అదే నల్లబల్ల, మనుషులు మాత్రం వేరు. రాత్రి డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చే ఆర్టీసీ కండక్టర్, చంటిపిల్లను వెంటబెట్టుకొచ్చే అంగన్‌వాడీ టీచర్, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక అటెండర్, బీడీలు చుట్టి బతికే ఒకామె. ఆ బీడీ కార్మికురాలి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరింది. ఒకరోజు పాఠం మధ్యలో ఆమె పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. పేజీలన్నీ పొగాకు వాసన. ఎక్కడిదాకా చదివిందో గుర్తుకోసం కత్తిరించిన తునికాకు ముక్క ఒకటి పెట్టుకుంది. "చాట ఒళ్ళె పెట్టుకొని సదువుత సార్, పొల్లగాండ్లు పన్నంకనే నాకు పొద్దు దొరుకుతది" అంది. మూడేళ్ళ డిగ్రీ ఆమెకు ఐదేళ్ళు పట్టింది. పాసైంది.

ఆమె పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. అయితే ఆ పట్టుదల ఒక్కటే ఆమెను ఆ బెంచీ దాకా తేలేదు. ఇంటర్ లేనివాళ్ళకూ అర్హత పరీక్షతో తలుపు తెరవాలి, పాఠ్యపుస్తకం తెలుగులో ఉండాలి, తరగతి సెలవురోజున జరగాలి, కొత్త భవనాల కోసం ఆగకుండా ఉన్న కాలేజీల్లోనే కేంద్రం నడవాలి. ఈ నాలుగూ ఆమె రాకముందే ఎవరో కూర్చుని నిర్ణయించారు. ఎవరికోసం ఈ పని అన్న ప్రశ్నకు వాళ్ళ దగ్గర స్పష్టమైన జవాబుంది. ఆ జవాబు నుంచే మిగతావన్నీ పుట్టాయి. ఒక రాష్ట్రం తన ప్రభుత్వ ఉన్నత విద్యకు లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి అని నన్నడిగితే, ఈ పద్ధతిలో పెట్టుకోవాలి అంటాను.

మన గడ్డ మీద ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పాలన్నది ఆనాటి సంకల్పం. మాధ్యమం ఉర్దూయే ఎందుకు, తెలుగు ఎందుకు కాలేదు అన్న చర్చ వేరే ఉంది, అది న్యాయమైనదే. నేను చూపదలచుకున్నది మరొకటి. తరగతులు మొదలవడానికి ముందే, 1917లోనే, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టారు. పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, శాస్త్రాల్లో మాటలు తయారుచేయించి, పుస్తకాలు అనువదింపజేశారు. విద్యార్థి గదిలోకి వచ్చేసరికి అతని చేతిలో పెట్టడానికి పుస్తకం ఉండాలని ముందే ఆలోచించారు.

దీని పక్కన మరో అనుభవం పెట్టి చూడండి. కొఠారి కమిషన్ 1966లో నివేదిక ఇస్తూ, జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చుపెట్టే స్థాయికి దేశం చేరాలని చెప్పింది. 1968 విధానం ఆ మాటే చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆ 6 శాతాన్నే మళ్ళీ రాసుకుంది. అరవై ఏళ్ళు కావస్తున్నా ఆ మైలురాయిని మనం తాకలేదు. ఎవరి ఖజానా నుంచి ఏ ఏడు ఎంత పెరగాలో, పెరగకపోతే ఎవరు సంజాయిషీ చెప్పాలో ఎక్కడా రాసుకోలేదు. ఆశయానికి గడువు లేకపోయినా నడుస్తుంది. లక్ష్యానికి మాత్రం గడువుండాలి, బాధ్యుడుండాలి, బడ్జెట్‌లో పద్దు ఉండాలి.

ఇప్పుడు మన తెలంగాణ సంగతికి వద్దాం. 2021–22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18 నుంచి 23 ఏళ్ళ వయసు జనాభాతో పోల్చినప్పుడు ఉన్నత విద్యలో నమోదు దేశ సగటు 28.4 శాతం, తెలంగాణలో 40 శాతం. ఆ వయసువాళ్ళు లక్షమందికి దేశంలో సగటున 30 కాలేజీలుంటే మనకు 52 ఉన్నాయి. 2035 నాటికి నమోదు 50 శాతానికి చేరాలని జాతీయ విధానం అంటోంది. మనం దానికి దగ్గర్లోనే ఉన్నాం. ఇందులో గర్వపడాల్సింది ఉంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే ఎందరో కూలీల పిల్లలు ఇంజినీరింగ్ కాలేజీ మెట్లెక్కేవారు కాదు. 2016లో సాంఘిక సంక్షేమ గురుకులాలు ఆడపిల్లల కోసం డిగ్రీ కాలేజీలు తెరవకపోతే దళిత కుటుంబాల నుంచి ఎందరో అమ్మాయిలు ఇంటర్‌తోనే పెళ్ళిపీటలెక్కేవారు.

అదే ఏడు వచ్చిన 'దోస్త్' అనే ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల విధానంతో మరో సంగతీ కళ్ళకు కట్టింది. ఒక్క విద్యార్థి కూడా చేరని కాలేజీలు ఏటా పదుల సంఖ్యలో తేలుతున్నాయి. కాలేజీల కొరత తీరిపోయిందన్నమాట. ఇంకా సీట్లు పెంచడాన్నే లక్ష్యంగా పెట్టుకుంటే, నిండిన కుండలో నీళ్ళు పోసినట్టే. నమోదు అన్నది గడప దాటిన క్షణాన తీసిన ఫొటో. లోపలికి వెళ్ళాక ఆ పిల్లవాడు ఏమయ్యాడో అది చెప్పదు. అందుకే రాబోయే పదేళ్ళకు మన ప్రభుత్వ ఉన్నత విద్య పట్టుకోవాల్సిన లక్ష్యాలు నాలుగు చాలు అంటాను.

మొదటిది: చేరిన ప్రతి విద్యార్థినీ చివరిదాకా లెక్కపెట్టాలి.

మా తరం అధ్యాపకులకు హాజరు పట్టీలో ఎర్రగీత తెలుసు. మానేసిన పిల్లవాడి పేరు మీద రోల్ నంబరు దగ్గర మొదలుపెట్టి చివరి గడి దాకా స్కేలుతో ఎర్రసిరాతో కొట్టే గీత అది. మొదటి ఏడాది దసరా సెలవుల తర్వాత మొదలయ్యేవి. ఆఖరి ఏడాది పరీక్షల నాటికి కొన్ని పేజీల్లో సగం పేర్ల మీద గీతలుండేవి. ఒకరు గల్ఫ్‌కు వెళ్ళారు. ఒకమ్మాయికి పెళ్ళయింది. ఒకరు మొదటి సంవత్సరం ఇంగ్లీషు పేపరు తప్పి ముఖం చూపలేక మానేశారు. ఒకరి ఊరికి సాయంత్రం ఆఖరి బస్సు రద్దయింది. ఒక్కొక్క గీత వెనక ఒక్కొక్క కారణం ఉంది. ప్రతి కారణానికీ ఏదో ఒక శాఖ చేయగలిగిన పని ఉంది.

ఇవాళ దోస్త్‌లో ప్రతి విద్యార్థికీ ఒక ఐడీ ఉంది. ఒక ఏడాది చేరిన బ్యాచ్‌ను ఆ ఐడీలతోనే వెంబడించి, మూడో ఏడాది చివర ఎందరు నిలిచారు, ఎందరు పాసయ్యారు, ఎందరు ఏ సెమిస్టర్‌లో ఆగారు అన్నది కాలేజీవారీగా చెప్పడం కష్టం కాదు. చేరికలను ఇంత శ్రద్ధగా లెక్కించే మనం ఈ లెక్కను కూడా ఏటా బయటపెట్టడం అలవాటు చేసుకోవాలి. కారణాలు తెలిస్తే మందు తెలుస్తుంది. 2023 డిసెంబరులో వచ్చిన మహాలక్ష్మి పథకంతో ఆడపిల్లలకు బస్సు చార్జీ భారం పోయింది. కానీ ప్రాక్టికల్స్ ముగిసే వేళకు వాళ్ళ ఊరి బస్సు ఉందా లేదా అని ప్రిన్సిపాలూ డిపో మేనేజరూ కలిసి కూర్చుని చూసుకున్నప్పుడే ఆ మేలు పూర్తవుతుంది. పొరుగున తమిళనాడు చూడండి. ప్రభుత్వ బడుల్లో చదివి కాలేజీలో చేరిన అమ్మాయిలకు 2022 నుంచి 'పుదుమై పెణ్' పేరుతో నెలకు 1,000 రూపాయలు ఇస్తోంది. ఏ అమ్మాయి కోసమో ముందు స్పష్టంగా తేల్చుకుని, నేరుగా ఆమె ఖాతాకే పంపుతోంది.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందట ఒక కుర్రవాడు మా ఇంటికొచ్చాడు. ప్రైవేటు కాలేజీలో డిగ్రీ పూర్తిచేశాడు. ప్రభుత్వం నుంచి ఫీజు బకాయి రాలేదు, ఆ సొమ్ము కడితేనే మెమోలు చేతికిస్తామన్నారట. తండ్రి అప్పు తెచ్చి కట్టేసరికి పీజీ కౌన్సెలింగ్ గడువు దాటిపోయింది. ఆ అబ్బాయి ఏ తప్పూ చేయలేదు. కాలేజీ కూడా జీతాలివ్వాలి కదా అంటుంది. ప్రభుత్వం నిధులు విడుదల కావాలి కదా అంటుంది. మధ్యలో తాకట్టు పడింది మాత్రం ఆ పిల్లవాడి కాగితాలు. ఏ విద్యాసంవత్సరం బకాయి ఆ సంవత్సరంలోనే తీరాలి, సర్టిఫికెట్ ఎట్టి పరిస్థితిలోనూ తాకట్టు వస్తువు కాకూడదు. ఈ రెండు వాక్యాలు మొదటి లక్ష్యంలో తప్పనిసరిగా ఉండాలి.

రెండోది: ప్రతి తరగతి గదిలో పూర్తికాలపు గురువు ఉండాలి.

మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మంజూరైన బోధనా పోస్టుల్లో సగానికి పైగా ఖాళీగా ఉన్నాయన్నది ఈ సభలో అందరికీ తెలిసిన చేదునిజం. ఉమ్మడి నియామక బోర్డు కోసం 2022లో శాసనసభ బిల్లు ఆమోదించింది. అది రాష్ట్రపతి పరిశీలన దాకా వెళ్ళి ఆగింది. ఈ లోగా పాఠం ఆగకుండా చూసింది కాంట్రాక్టు అధ్యాపకులు, పీరియడ్‌కు ఇంత అని తీసుకునే గెస్ట్ లెక్చరర్లు. వాళ్ళ రుణం మనం తీర్చుకోలేనిది. వేసవిలో జీతం లేక, వచ్చే జూన్‌లో తన పేరు ఉంటుందో లేదో తెలియక, పీహెచ్‌డీ పట్టా పెట్టెలో పెట్టుకుని తిరిగే మనిషి పిల్లలకు ధైర్యం ఎలా నూరిపోస్తాడు? పరిశోధన విద్యార్థికి ఐదేళ్ళు తోడుంటానని ఎలా మాటిస్తాడు?

ఒక అధ్యాపకుడు ఏ నెలలో రిటైరవుతాడో అతను ఉద్యోగంలో చేరిన రోజే తెలుసు. ఉపకులపతి పదవి ఏ తేదీన ముగుస్తుందో నియామక ఉత్తర్వులోనే ఉంటుంది. అయినా 2024 మేలో పలువురు ఉపకులపతుల పదవీకాలం ముగిస్తే, కొత్తవారు రావడానికి అక్టోబరు అయింది. అన్నాళ్ళూ ఐఏఎస్ అధికారులు తమ సొంత శాఖల పనితో పాటు విశ్వవిద్యాలయాల బరువూ మోశారు. ముందే తెలిసిన తేదీకి ముందే సిద్ధం కావడం మన చేతిలోని పని. పదవి ఖాళీ అయ్యే నాటికి వారసుడి ఉత్తర్వు సిద్ధంగా ఉండాలి. నియామకాల క్యాలెండర్ ఏటా జనవరిలో వెలువడాలి. ఐదేళ్ళలో ఖాళీలు పదింట ఒకటికి తగ్గాలి. రెండో లక్ష్యం ఇంత సూటిగా రాసుకోవచ్చు.

మూడోది: పట్టా పుచ్చుకున్న పిల్లవాడికి ఆ చదువు నిజంగా వచ్చి ఉండాలి.

అనుబంధ గుర్తింపు తనిఖీ బృందంలో సభ్యుడిగా ఒక కాలేజీకి వెళ్ళినప్పుడు, జువాలజీ ల్యాబ్ బీరువాలో అట్టపెట్టె టేపు కూడా విప్పని మైక్రోస్కోపులు చూశాను. రికార్డు పుస్తకాల్లో మాత్రం బొమ్మలన్నీ చక్కగా ఉన్నాయి, ఒకరిది చూసి ఒకరు గీసినవి. ఆ పిల్లలు తెలివితక్కువ వాళ్ళు కారు. ఉల్లిపొర కణాన్ని తన కంటితో చూసే అవకాశం వాళ్ళకెవరూ ఇవ్వలేదు. ప్రతి సైన్సు విద్యార్థీ నిర్ణయించిన ప్రయోగాలు తన చేత్తో చేయాలి అన్నది చాలా చిన్న లక్ష్యంలా కనిపిస్తుంది. అది నెరవేరితే బీఎస్సీ పట్టాకు విలువ దానంతటదే వస్తుంది.

భాష దగ్గర మరీ పెద్ద అగాధం ఉంది. తెలుగు మాధ్యమంలో ఇంటర్ దాకా చదివిన పిల్లలు డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు మాధ్యమంలోకి వస్తున్నారు. అర్థం కాక బట్టీపడుతున్నారు. ఇంగ్లీషు వద్దని నేననను, ఆ పిల్లలు ఆశపడేది దాని కోసమే. నది దాటాలంటే వంతెన కావాలి. మొదటి సెమిస్టర్‌ను వంతెనగా మార్చండి. ప్రధాన విషయాల పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో పక్కపక్కనే అచ్చువేయండి. 1968లో పి.వి. నరసింహారావుగారు తొలి అధ్యక్షులుగా తెలుగు అకాడమి ఏర్పడింది ఉన్నత విద్యకు తెలుగులో పుస్తకాలివ్వడానికే. దారుల్ తర్జుమా చూపిన ముందుచూపు ఆ పనికి మళ్ళీ కావాలి.

నాలుగోది: ఏటా జనం ముందు లెక్క చెప్పాలి.

1988లో ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నత విద్యామండలిని చట్టం చేసి పెట్టుకున్నాం. ఇలాంటి మండలి దేశంలో మొదట మనదే. మామూలు జనానికి అది ప్రవేశ పరీక్షల సంస్థగానే ఎక్కువ తెలుసు. దాని పుట్టుకకు కారణం మాత్రం ప్రణాళిక, సమన్వయం. ఆ పని మళ్ళీ ముందుకు రావాలి. ఏటా జూన్‌లో మండలి నాలుగు పేజీల నివేదిక తెలుగులో వేయాలి. పై మూడు లక్ష్యాల్లో ఎక్కడున్నాం, ఎందుకు ఆగాం, వచ్చే ఏడు ఎవరు ఏం చేస్తారు. ఈ నాలుగు పేజీలు శాసనసభ బల్ల మీదా ఉండాలి, ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీదా ఉండాలి. తన కూతుర్ని ఏ కాలేజీలో చేర్చాలో తేల్చుకోలేక నిలబడ్డ రైతు దాన్ని చదివి అర్థం చేసుకోగలగాలి.

అంకెలతో ఒక ప్రమాదం ఉందని తెలిసే ఈ మాట అంటున్నాను. పాస్ శాతమే గొప్పదంటే పేపర్లు దిద్దే చెయ్యి జారుతుంది. కాలేజీకి వచ్చే గ్రేడే గొప్పదంటే తనిఖీ బృందం వచ్చే వారం గోడలకు సున్నం పడుతుంది. అందుకే లెక్కలను బయటివాళ్ళు సరిచూడాలి. బాగా వెనకబడిన పిల్లలను చేర్చుకున్న కాలేజీని, ఏరికోరి ర్యాంకర్లను తీసుకున్న కాలేజీతో ఒకే తూకంలో పెట్టకూడదు. పిల్లవాడు వచ్చినప్పుడు ఎక్కడున్నాడు, వెళ్ళేటప్పుడు ఎక్కడికి చేరాడు అన్నదే కొలత కావాలి. లెక్క తక్కువ వచ్చిన కాలేజీకి ముందు అందాల్సింది సాయం.

డబ్బు సంగతి మరవకూడదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1960లో తన ప్రభుత్వ ఉన్నత విద్యకు ఒక మహాప్రణాళిక రాసుకుంది. దాని రూపకల్పనలో అక్కడి విశ్వవిద్యాలయ అధ్యక్షుడు క్లార్క్ కెర్‌ది ప్రధాన పాత్ర. హైస్కూల్ ముగించినవారిలో పై ఎనిమిదో వంతుకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, పై మూడో వంతుకు రాష్ట్ర కాలేజీలు, మిగతా అందరికీ జూనియర్ కాలేజీలు. అక్కడ రెండేళ్ళు బాగా చదివితే పై మెట్టుకు మారే దారి. ఎవరికి ఎక్కడ చోటో ఒక సామాన్యుడు కూడా వేళ్ళ మీద చెప్పగలిగేంత సరళమైన ప్రణాళిక. మన తెలుగు పిల్లలు ఎందరో అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారంటే ఆ పునాది బలమూ కొంత ఉంది. కానీ 1978లో ఆస్తిపన్నుకు కళ్ళెం పడ్డాక రాష్ట్ర ఖజానా మీద ఒత్తిడి పెరిగింది. కాలక్రమంలో ఫీజులు పెరిగాయి. ట్యూషన్ ఫీజు లేని చదువు అన్న మాట జారిపోయింది. అంత గట్టి ప్రణాళికైనా డబ్బు నిలిచినన్నాళ్ళే నిలిచింది. మన నాలుగు లక్ష్యాలకూ బడ్జెట్‌లో నాలుగు విడి పద్దులుండాలని నేను పట్టుబట్టేది అందుకే.

చివరిగా ఆ హాజరు పట్టీ దగ్గరికే వస్తాను.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చాలా ఎర్రగీతలు గీశాను. అలా గీసిన పేర్లలో ఇద్దరి ఇళ్ళకు మాత్రం వెళ్ళాను, అదీ వాళ్ళ ఊళ్ళు నా దారిలో ఉన్నాయి కాబట్టి. ఒక ఇంట్లో అబ్బాయి అప్పటికే బొంబాయి వెళ్ళిపోయాడు. రెండో ఇంట్లో అమ్మాయి వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. వాళ్ళ నాన్నతో ఒక గంట మాట్లాడాను. సోమవారం ఆ అమ్మాయి తరగతికి వచ్చింది. గీత మీద చిన్నగా సంతకం పెట్టి, పేరు పక్కన మళ్ళీ రాసుకున్నాను. డిగ్రీ పూర్తిచేసి, తర్వాత బీఈడీ చేసి, టీచరయింది.

మిగతా ఇళ్ళకు నేనెందుకు వెళ్ళలేదు అని రిటైరయ్యాక చాలాసార్లు ఆలోచించాను. నాకు మనసు లేక కాదు. ఎర్రగీత గీయడం నా డ్యూటీ చార్టులో ఉంది. ఆ ఇంటికి వెళ్ళి అడగడం ఎవరి డ్యూటీ చార్టులోనూ లేదు. రాష్ట్రం లక్ష్యం పెట్టుకోవడం అంటే నా దృష్టిలో ఇంతే. ఆ ఇంటికి వెళ్ళడం ఫలానా వాళ్ళ పని అని రాసి, వెళ్ళడానికి వాళ్ళకు సమయం, సాయం ఇచ్చి, వెళ్ళారా లేదా అని ఏటా అడగడం. బీడీలు చుట్టే ఆమె కోసం 1982లో రాంరెడ్డిగారు, ఆయన సహచరులు ఆ పని చేశారు. మన పిల్లల కోసం ఇప్పుడు మనం చేయాలి.